పేరు గడి

చాదర్‌ఘాట్ దఫ్తర్లో నాకిచ్చినవి
ఒక రిజిస్టరు, రెండు పెన్సిళ్లు, ఒక గొడుగు.
గొడుగు మాత్రం తిరిగి అప్పజెప్పాలన్నారు.

అంతకు ముందు పదకొండేళ్లు
ఫర్మానాలకు నకళ్లు రాసిన చెయ్యి ఇది.
కుడి నుంచి ఎడమకు
బిరుదులే ఒక పేజీ,
హుకుం ఒకటిన్నర వాక్యం.
మనుషులు ఎక్కడా తగిలేవాళ్లు కాదు,
ఉంటే గింటే రియాయా అని ఒక్క మాట,
సాయంత్రం దొడ్లోకి తోలేసి
గడియ పెట్టినట్టు.

మా నాయన ఒక్కసారి మున్సిపాలిటీకి ఓటేశాడు.
సొంతిల్లుందని, పన్ను కట్టాడని.
కిరాయి షేర్వానీ తొడుక్కుని పోయి వచ్చి
అరుగు మీద కూలబడి అన్నాడు:
"స్వపరిపాలనట రా.
మోరీలు మనం చూస్కోవాలె,
మిగిలింది వాళ్లు చూస్కుంటరట."

నలభై ఏడు ఆగస్టులో బెజవాడ రైలు దిగినవాళ్లు
చేతులకింకా మిఠాయి జిగటతో దిగారు.
మా దగ్గర ఆ రాత్రి
పోలీసు విజిల్, మూసిన కిటికీలు.
సుల్తాన్‌బజార్ గోడ మీద ఎవరో పిల్లాడు
మూడు రంగులూ పూసి
చక్రం గీసేలోపు పారిపోయాడు.
చక్రం పదమూడు నెలలు ఆలస్యం.
వచ్చినప్పుడు కూడా
ఇనుప గొలుసుల మీద దొర్లుతూ వచ్చింది
షోలాపూర్ తోవ పొంటి.

ఇప్పుడు ఎడమ నుంచి కుడికి రాయాలి.
ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త, వయసు.
జాగీరుకు గడి లేదు.
చదువుకు లేదు. పన్నుకు లేదు.
అచ్చుతప్పేమోనని
కాగితం రెండుసార్లు తిప్పి చూశాను.

గౌలిగూడలో దుకాణాల ముందు ఊడ్చే మనిషి
చీపురు ఆపకుండానే అంది:
"పేరెందుకు బాంచెన్,
బుచ్చిగాని పెండ్లామని రాస్కో."
అట్లా రాస్తే పైవాళ్లు కొట్టేస్తారన్నాను.
"నిన్నేమని పిలుస్తరు?"
"ఓ అంటరు. ఒసే అంటరు.
పోరగాండ్లకు ఆకలైతే నా పేరు బువ్వ."
వీధి చివరిదాకా ఊడ్చి
మళ్లీ వెనక్కి వచ్చింది.
ఎక్కడో దాచిపెట్టి మరిచిపోయింది
వెతికి తెచ్చినట్టు
"సాయవ్వ" అంది.
"ఏదీ, ఎక్కడున్న నేను?" అని వేలు పెట్టింది.
వేలి తడికి పెన్సిలు గీత అలుక్కుపోయింది.
నేను దిద్దలేదు.

షా అలీ బండలో, చిక్ వెనుక, ఒక గొంతు:
ఇంట్లో మగవాళ్లు లేరు.
ఎటు పోయారని ఫారం అడగలేదు,
నేనూ అడగలేదు.
ఆ సెప్టెంబరులో పాలకు పోయిన గిన్నె ఒక్కటే
ఇల్లు చేరిందని
పక్కింటి ముసలాయన తర్వాత చెప్పాడు.

"మీ సర్కారు నా పేరుతో ఏం చేసుకుంటుంది?"

ట్రైనింగులో దీనికి జవాబు చెప్పలేదు.
"ఒక తెర వెనుక మిమ్మల్ని ఒంటరిగా వదిలి,
చేతికి కాగితమిచ్చి,
బయట నిలబడి ఎదురుచూస్తుంది బీబీ."
ఆ మాట నాకెక్కణ్ణుంచి వచ్చిందో,
నిజమో కాదో కూడా తెలీదు.

చిక్ కదల్లేదు.
చాలాసేపటికి, నియామత్ బీ. ముప్ఫై ఒకటి.
భర్త గడి దగ్గర మాత్రం
ఒక్కో అక్షరం నాతో పలికించింది.
"ఆయన పేరు తప్పు పోవద్దు," అంది,
"నాదైతే ఫరవాలేదు."

ఆ పూట ఇరానీ హోటల్లో చాయ్‌కి ఇచ్చింది
చార్మినార్ బొమ్మ సిక్కానే.
రాజ్యం మారింది కానీ
రేజ్గీ ఇంకా మారలేదు.

నెల తిరిగాక గొడుగు అప్పజెప్పాను.
ఒక పుల్ల విరిగిందని నాలుగణాలు కోశారు.
రసీదు ఇచ్చారు.
కొడిమ్యాల రాజలింగం బదులు
రాజయ్య అని ఉంది అందులో.

దిద్దమన్నాను.
గుమాస్తా తలెత్తి చూశాడు.
పదకొండేళ్ల నౌకరీలో
ఆ మాట నేనెవర్నీ అనలేదు.

మళ్లీ అన్నాను.