చుక్కల లేయరు

రాత్రి పదకొండు దాటాక
కొళత్తూరులో, రెండో అంతస్తులో,
మా వంటింటి గట్టు మీద ఒక మందారం పూస్తుంది.
వేరు లేదు, మన్ను లేదు,
చార్జరు తీగ ఒక్కటే.

పొద్దున ఆరుంబావుకి తీసిన ఫొటో అది.
అంచున పక్కింటి లుంగీ పడితే
ముందు దాన్ని కత్తిరించాను.
తర్వాత గోడ.
తర్వాత కుండీగా మారిన పెయింటు డబ్బా.
ఏమీ లేని నలుపులో పువ్వొక్కటే నిలబడేసరికి
ఎందుకో భయమేసి
డబ్బాని మళ్ళీ తెచ్చి పెట్టాను.

తిలకవతి అక్క దీన్ని సెంబరుత్తి అంటుంది.
నేను మందారం అంటాను.
టాబ్లెట్ మాత్రం
‘పేరు లేనిది 14’ అని రాసుకుంది.

మూడో రేకుకి చిల్లు.
పురుగు కొట్టింది, మినపగింజంత.
వేలితో ఒక్కసారి రుద్దితే చాలు,
చుట్టుపక్కల ఎరుపంతా కదిలొచ్చి
ఊళ్ళో గొడవని పెద్దమనుషులు సర్దేసినట్టు
పూడ్చేస్తుంది.
రుద్దాను. పూడింది.
నాన్న గుర్తొచ్చాడు.

నాన్న పెరంబూరు రమణీ స్టూడియోలో
నెగటివ్‌ల మీద పెన్సిల్ పట్టిన మనిషి.
బల్లకి అద్దం, అద్దం కింద బల్బు,
సూదిలా చెక్కిన ములికి.
అమ్మవారు పోసిన గుంటలూ మొటిమలూ
కంటి కింది నిద్రలేమీ,
పెళ్ళిచూపులకి వెళ్ళే ప్రతి మొహమూ
ఆయన చేతికింద ఒకసారి నున్నబడేది.
ఒకనాడు గూడూరు నించి ఒకావిడ
పాసింజరు దిగి నేరుగా కొట్టుకొచ్చి
కవరు బల్ల మీద పడేసిందట.
“పెదవి మీద పుట్టుమచ్చ ఏదయ్యా?
ఈ పిల్లెవరో నాకు తెలీదు.
నా పిల్లని నాకివ్వు.”
నాన్న దూదితో పెన్సిల్ తుడిచాడు.
మచ్చ తిరిగొచ్చింది.
డబ్బు తీసుకోలేదు. ఆ రాత్రి
చారు కూడా కలుపుకోకుండా లేచిపోయాడని
అమ్మ చెప్పేది.

అన్‌డూ నొక్కాను.
చిల్లు వచ్చి తన చోట కూచుంది.

ఇంతవరకూ నేను మంచిదాన్నే.
కానీ ఆ చుక్కలు.

మే నెల. లారీ నాలుగు రోజులకోసారి,
బిందెకో టోకెను.
బియ్యం కడిగినవి మందారానికి,
కూరలు కడిగినవి కనకాంబరానికి.
డిసెంబరాలతో, మీ నెల ఇంకా రాలేదు కదా,
ఓపిక పట్టండి అన్నాను.
శంఖుపుష్పం తీగ ఏమీ అడగలేదు, ఎండిపోయింది.
ఫొటో తీసిన పొద్దున మందారానికీ
నేను చుక్క పోయలేదు.

రాత్రి మాత్రం కొత్త లేయరు తెరిచి
సన్న బ్రష్‌తో, ముగ్గుకి పెట్టినట్టు
రేకుకి రెండు, ఆకుకి మూడు,
ఒక్కోదానికీ నెత్తిన తెల్లటి మెరుపు,
కింద పిసరంత నీడ.
మొత్తం పదిహేడు.
టోకెను లేదు, క్యూ లేదు.

తిలకవతి అక్క కళ్ళజోడు పైకి తోసి చూసింది.
“అడియే, మళై పెంజిడుచ్చా!” అని
వాన ఎక్కడ పడిందోనని కిటికీ వైపు తిరిగింది.
చంకలో ఖాళీ బిందె.
చెప్పలేకపోయాను.

నాన్నా, నువ్వు ఉన్నవాటిని తీసేశావు.
నేను లేనివాటిని పెట్టాను.

లేయరు పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది.
నొక్కితే మూసుకుంటుంది. చుక్కలు మాయం.
దాహంతో ఉన్న పువ్వు నావైపు చూస్తుంది.
మళ్ళీ నొక్కితే వాన.
మూస్తూ తెరుస్తూ కూచున్నాను
చార్జింగు మూడు శాతానికి దిగేదాకా,
తీగ ఎప్పుడు ఊడిందో తెలీకుండా.
అసలు పువ్వు ఆ సాయంత్రమే
తడిసిన గొడుగులా ముడుచుకుని రాలిపోయింది.
ఒక్కరోజు పువ్వుకి
నావి ఇది పదకొండో రాత్రి.

నాలుగున్నరకి వీధి చివర లారీ హారను.
కన్ను తెరిచుందో మూసుందో చూసుకోకుండా
జడైనా వేసుకోకుండా
రెండు బిందెలతో మెట్లు దిగాను.
తిరిగొచ్చి, మొదటి చెంబు
పెయింటు డబ్బాలోకి.
చెంబు అంచు నించి జారి
ఒక చుక్క ఆకు మీద పడింది.

నేను వేసినవాటిలా లేదు.
వంకరగా, కాస్త మట్టిగా,
మెరుపు తప్పు వైపున.