పొల్లు

తోర్స్‌హావ్న్ రేవులో మూడింటికే చీకటి.
చేపల వేలం ఆఫీసు మేడ మీద
రన్వా ఇంకా తడి బూట్లు విప్పలేదు.

ఆమె ప్రోగ్రాం పదిహేడోసారి వెళ్లి
ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరివో అద్దె సర్వర్ల గుంపు ముందు నిలబడింది.
గుంపు తిట్టలేదు, తలుపు ధడాలున వేయలేదు.
నాలుగు వందల ఒకటి, అంది.
నువ్వెవరో నాకు తెలీదు, అని.

అడ్రసు సరే. యూజర్ పేరు సరే.
సర్టిఫికెట్ నిన్ననే మార్చింది.
కీ అయితే మెయిల్లోంచి
పొల్లు పోకుండా తీసి అతికించింది.

మెట్ల పక్క బెంచీ మీద హానుస్
థర్మాస్ మూత బిగిస్తూ, వదులు చేస్తూ.
అతనికి కావలసింది ఒక్క పడవ ఆచూకీ:
డెబ్బై ఎనిమిదిలో దాన్ని ఎవరు కొన్నారో.
"మీ కంప్యూటర్‌కి నేను తెలుసుగా,
పోయిన నెల కూడా వచ్చాను."

రన్వా నవ్వలేదు.
కీలో అక్షరాలు లెక్కపెడుతోంది
తెర మీద వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలా.
అరవై నాలుగుండాలి.
అరవై ఐదు.

చివర్న, కంటికి ఆనని చోట
ఎవరో ఎంటర్ నొక్కి వదిలేసిన ఖాళీ.
పొల్లు పోలేదు, నిజమే.
ఒకటి ఎక్కువైంది.

చెరిపింది.
రెండు వందలు, అంది గుంపు,
ఇందాకటి గొంతుతోనే.
లక్షా నలభై వేల పాత రసీదులు
ఒళ్లు విరుచుకుని లేచాయి.

హానుస్ పడవ పేరు చెప్పాడు. ఆమె కొట్టింది.
ఏమీ రాలేదు.

అతను లేచొచ్చి, కళ్లజోడు ఎత్తి చూసి,
"ఆ 'ఓ'కి అడ్డగీత పెట్టమ్మా" అన్నాడు,
"గీత లేకపోతే అది మా పడవ కాదు."