ఏడున్నర

దాని పేరు ఎవురూ అనేవాళ్లు కాదు.
"ఏడున్నర అయిందా?" అంటే చాలు,
గ్రీమ్స్‌పేటలో మా సందంతటికీ తెలుసు.
నేను మిషను ఆపేస్తాను.
గోడ అవతల్నుంచి షంషాద్ స్టూలు ఎత్తుకోని వస్తుంది.
వాళ్ల టీవీయే పెద్దది, అయినా
ఒంటరిగా తిట్టుకోవడం ఆమెకు బాగుండదు.

పదకొండేళ్లు.
ఆదివారాలు తీసేసినా మూడువేల చిల్లర రాత్రులు.

సుగాత్రి తొడిగిన ప్రతి జాకెట్టూ నేను కుట్టినాను,
ఆమెకు కాదు, చిత్తూరుకు.
కుచ్చుల చేతులు వచ్చిన ఏడు
కొంగారెడ్డిపల్లి నుంచి గూడా బట్టలు వచ్చినాయి.
ఆమె జైలుకు పోయిన మూడు నెలలు
తెల్లచీర, ఉత్త చేతులు,
నాకు బేరాల్లేవు.
విడుదలై వస్తానే వీపు మీద గవ్వలు తగిలించింది.
కస్తూరి బడి ఫీజు ఆ గవ్వల్తో కట్టిందే.

ఆమె మొగుడు మూడుసార్లు మారినాడు.
మనిషి అదే, మొహమే వేరు.
కొత్త మొహం వచ్చిన మొదటి వారం
పరాయి మగోడు ఇంట్లోకి వచ్చినట్టు
కొంగు సర్దుకునింది షంషాద్.

ఇంక ఆ ఇనప్పెట్టె.
అత్త వజ్రేశ్వరి మంచం కింద,
నాలుగొందల పన్నెండో రోజు నుంచీ తాళం పడి.
అందులో ఏముందో మేం వాదులాడుకోని కరెంటు కోత లేదు.
వీలునామా, అంటాను నేను.
కాదుమే, తప్పిపోయిన కవలబిడ్డ గాజులు, అంటుంది తను.
ఆరో తరగతిలో ఉన్న కస్తూరి
"అందులో ఏమీ ఉండదు" అనింది ఒకసారి.
ఇద్దరం కలిసి తిట్టినాం.

నిన్నటితో అయిపోయింది.
పొద్దున్నే తలకు పోసుకున్నాను, ఎందుకో.
షంషాద్ సేమియా చేసుకొచ్చింది.
సబ్బులూ నూనెలూ పోనూ మిగిలింది పావుగంట.
"నన్ను క్షమించమ్మా" అనింది వజ్రేశ్వరి.
పదకొండేళ్ల విషం
రెండు మాటల్లో దిగిపోయింది.
బిడ్డ సంగతి ఒక్కరూ ఎత్తలేదు.
అందరూ మెట్ల మీద వరసగా నిలబడి
రేషన్ కార్డు ఫోటోకు మాదిరి నవ్వినారు.
పెట్టె?
మంచం కనపడింది ఒక్క క్షణం.
కెమెరా దాని పక్కగా తిరిగి
పూలకుండీ దగ్గర ఆగింది.
శుభం.
ఆ వెంటనే బట్టల సోడా.

చేతులు కుట్టకుండా, అంచు మడవకుండా
జాకెట్టు ఇస్తే నన్ను ఊరుకుంటారా ఎవురన్నా?

మా తిరునాళ్లలో పద్దెనిమిది రోజులు కథ నడుస్తాది.
ముగింపు చంటిబిడ్డకూ తెలుసు.
అయినా ఆఖరి పొద్దున ఒక్కరూ ఇంటికి పోరు.
నేలంతా పరుచుకున్న ఆ మట్టి రాజు తొడ పగలాల,
అమ్మ విరబోసిన జుట్టు ముడేసుకోవాల,
అప్పుడే నిప్పులు తొక్కేది.
గద తిప్పేది మా మరిది,
ఉల్లిగడ్డల అంగడి వాడు.
వాడే అంటాడు, కొట్టకుండా క్షమించేస్తే
జనం నన్నే కొడతారొదినా అని.

ఈపొద్దు ఏడున్నరకు టీవీ పెట్టలేదు.
షంషాద్ వచ్చింది, స్టూలుతోనే.
సేమియా గిన్నె కడిగి పెట్టినాను, తీసుకోలేదు.
"గాజులేమే" అనింది చాలాసేపటికి.
"సరే, గాజులే" అన్నాను.
మొదటిసారి ఒప్పుకోని.
"అయితే ఆ బిడ్డ యాడ పెరిగుంటాది?"
"పుంగనూరులో."
నోటికి ఎట్ల వచ్చిందో.
"ఎవురి దగ్గిర?"

మిషను దీపం ఆర్పి
ఆమెకెదురుగా కూర్చున్నాను.