ఇంట్లో ఎవరూ లేరు

క్యాసెట్ డబ్బా మూలన రంపంతో కోసిన గాటు.
అమ్ముడుపోని సరుక్కి కంపెనీ పెట్టే గుర్తు అది,
సంతకు తోలే మేక చెవికి పెట్టినట్టు.
డాలరుకి మూడు. మిగతా రెండూ ఏవో గుర్తులేదు.

తొంభై మూడు, బ్రిడ్జ్‌పోర్ట్.
న్యూయార్క్ వాళ్ళ లెక్కలో మాది ఊరు కాదు,
రైలు ఊపిరి పీల్చుకోడానికి ఆగే చోటు.
ఇక్కణ్ణుంచి ఒకడు మైకు పట్టాడంటే
మా వీధి వాళ్ళమే నమ్మలేదు.

ఒరెన్ టిబ్స్.
ముగ్గురి జట్టులో మూడోవాడు,
ఫొటోల్లో సగం భుజం మాత్రమే పడేవాడు.
ఆ ఇద్దరూ బంగారు గొలుసుల్లోకి వెళ్ళిపోయాక
ఇతను గ్యాస్ కంపెనీ టార్చిలైటు పట్టుకుని
ఇంటింటి సెల్లార్లోకీ దిగాడు.
రెండేళ్ళు దిగి, ఒక్క ఆల్బమ్‌తో పైకొచ్చాడు:
‘మీటర్ రీడర్’.
పదకొండు పాటలు, పదకొండు సెల్లార్లు.

అప్పుడు అందరూ అరుస్తున్నారు.
అరవడానికి కారణాలున్నాయి, కాదనను.
ఇతను మాత్రం
పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు పలికాడు.
ప్రాసని పాదం చివర నిలబెట్టి సలాం కొట్టించడు,
వాక్యం నడుమ ఎక్కడో, మెట్టు విరిగిన చోట దాస్తాడు.
కాలు పడ్డాక గానీ తెలీదు.
వెనక ఏదో పాత ఆర్గన్ రికార్డులోంచి రెండే రెండు స్వరాలు,
తాళంచెవి దొరక్క గుమ్మంలో తచ్చాడుతున్నట్టు.

పత్రికలో నాలుగు వాక్యాల సమీక్ష వచ్చిందట.
“ఉత్సాహం తక్కువ” అన్నది నాలుగోది.
మా తమ్ముడు డెషాన్ ఒకవైపు విని
“నిద్రమాత్ర” అని నా ఒళ్ళోకి విసిరాడు.
ఆసుపత్రి లాండ్రీలో నాది నైట్ డ్యూటీ.
దుప్పట్లు మడిచే యంత్రం మొరాయించినప్పుడల్లా
చెవిలో ఇతను.

మూడో పాటలో ఒక ముసలావిడ
చచ్చిపోయిన పిల్లి గిన్నెలో ఇంకా నీళ్ళు మారుస్తుంది.
ఐదో దాంట్లో పెళ్ళిగౌను
బాయిలరు గొట్టం మీద ఆరేసి ఉంటుంది. ఎందుకో చెప్పడు.
ఏడో పాటలో

ఫర్నేసు పక్కన, బోర్లించిన బకెట్ మీద, ఒకాయన.
పొద్దున పదిన్నర. ఫ్యాక్టరీ చొక్కా,
జేబు మీద పేరు కుట్టి ఉంది. ఆ పేరు పాటలో లేదు.
ఒళ్ళో టిఫిన్ డబ్బా. ఆకుపచ్చ ఫ్లాస్కు,
మూత పోకుండా ఊదారంగు బూటు లేసుతో కట్టి.
టార్చి వెలుగు మీద పడగానే
పెదాల మీద వేలు పెట్టుకున్నాడట.
పైన ఎవరిదో నడక.
అక్కడ డ్రమ్ము ఆగిపోతుంది, నాలుగు లెక్కలు.
తర్వాత, లయ వదిలేసి, మామూలు గొంతుతో:
“రీడింగ్ తీయలేదు.
ఇంట్లో ఎవరూ లేరని రాసి వచ్చేశాను.”

ఆ లేసు నాది.
హైస్కూల్లో బాస్కెట్‌బాల్ బూట్లది.

ఇత్తడి ఫ్యాక్టరీ మూతపడింది అక్టోబరులో.
నాన్న మాకు చెప్పింది ఏప్రిల్లో.
మధ్యలో ఆరు నెలలు
ఏడింటికల్లా అమ్మకి ముద్దుపెట్టి
ముందు తలుపు తీసుకుని వెళ్ళేవాడు.
సెల్లారుకి పక్క తలుపొకటి ఉందని
మాకెవరికీ తట్టలేదు.

టేపు వెనక్కి తిప్పాను. మళ్ళీ తిప్పాను.
ఆ రాత్రి దుప్పట్లు ఎవరు మడిచారో తెలీదు.
తెల్లారి ఇంటికెళ్ళి ఆయనకి వినిపించలేదు.
గుడ్లు వేయించి పెట్టాను,
రోజూలా రెండు కాదు, మూడు.

పోయిన శీతాకాలం టైర్ల షాపులో టిబ్స్ కనిపించాడు.
గడ్డం నెరిసింది, చేతిలో క్యూ నంబరు చీటీ.
ముప్పై ఏళ్ళ మాట నోటిదాకా వచ్చి
“మీ ఆల్బమ్...” అన్నాను.
అతను మొహం చిట్లించాడు.
“బేస్ మొత్తం తగ్గించేశాడు తల్లీ ఆ ఇంజనీరు.
తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.”
అరగంట బేస్ గురించే మాట్లాడుకున్నాం.
ఏడో పాట నేను ఎత్తలేదు.

తిరిగొస్తూ కార్లో బేస్ మీట చివరిదాకా తిప్పాను.
ఆ నాలుగు లెక్కల దగ్గర
నిశ్శబ్దం కాదు, అడుగున ఏదో గుర్రుమంటోంది.
ఫర్నేసు.
అద్దాలు సన్నగా వణికాయి.
ఆ చలికాలమంతా ఆయనకి
వెచ్చగానే ఉండేదన్నమాట.