బెల్టు తెగిన మూడు రోజులు

మంగళవారం పొద్దున
ఎవరింటి పెళ్లికో తెల్ల పరదాలు కుడుతుంటే
మిషను బెల్టు తెగింది.
గురువారం దాకా తీరదన్నాడు
బాగుచేసే జుంబేరి.

తిబిలిసిలో, ఈ పాత లోగిలి మీద,
నాలుగో అంతస్తులో
పంతొమ్మిదేళ్లుగా నా కిటికీ తెరిచే ఉంది.
వెలుతురు కోసమే తెరిచాను.
అందులోంచి ఇంకేదైనా వస్తుందని అనుకోలేదు.

మొదట ఏమీ లేదు.
మిషను ఆగినా చెవుల్లో హోరు ఆగలేదు,
రైలు దిగినవాడి కాళ్ల కింద
నేల ఇంకా కదులుతున్నట్టు.
ఆ మడ్డి మెల్లగా అడుక్కి దిగాక
తేరిన నీళ్లలోంచి ఒక్కొక్కటే పైకొచ్చాయి.

లిఫ్టు నాణెం మింగిన చప్పుడు.
ఇరవై టెట్రీలు వేస్తే తప్ప కదలదు మా లిఫ్టు,
గొంతు సవరించుకుని, మనకేదో మేలు చేస్తున్నట్టు లేస్తుంది.
కింద బల్ల మీద ముసలాళ్ల పాచికలు,
గెలిచినవాడికంటే ముందు
ఓడినవాడి నవ్వు.
మూడో అంతస్తులో ఎతేరి
తివాచీని కమ్మీ మీద వేసి బాదడం.
ఆ దెబ్బలు దుమ్ముకి కాదని
లోగిలంతటికీ ఎప్పుడో తెలుసట.
నాకు మంగళవారం తెలిసింది.

ఆ పిట్ట సంగతి చెప్పాలి.
నల్లది, పసుపు ముక్కుది, షాష్వీ అంటాం.
ఎదురింటి డిష్ అంచున కూచుని
నాలుగు ముక్కలు పాడుతుంది.
ఐదోది వెతుక్కుంటూ ఆగిపోతుంది.
ఎంతసేపంటే, సూదిలో దారం ఎక్కించేంత.
దొరుకుతుంది.
ప్రతిసారీ వేరే ముక్క.
జీవితమంతా అతుకులు దాచే పని చేసినదాన్ని,
ఎక్కడ అతికిందో పట్టుకుందామని
బుధవారం పూట పూటంతా కూచున్నాను.
చిక్కలేదు.

తెల్లవారుజామున పెరుగమ్మే ఆమె వస్తుంది,
"మాత్సోనీ! మాత్సోనీ!"
చివరి అక్షరాన్ని అయిదంతస్తుల పైకి విసురుతుంది.
ఆమె మలుపు తిరిగేదాకా పిట్ట నోరు విప్పదు.
మర్యాదో, అసూయో.

రాత్రుళ్లు మటుకు పైకప్పే వినబడింది.
పైన ఓతియా ఉంటాడు, ఒకప్పుడు ట్రాము నడిపినవాడు.
ఊళ్లో ట్రాములు పోయినా
కూచుంటే కుడికాలితో లేని గంట కొడుతూనే ఉంటాడు.
ఆ రెండు రాత్రులూ ఆయన కూచోలేదు.
గోడ నుంచి గోడకి
టక్, టక్,
వెనకాలే మెత్తగా ఇంకొకటి.
రబ్బరు తొడుగు చప్పుడు.
చేతికర్ర ఎప్పుడొచ్చింది ఈ మనిషికి?
ఈ శీతాకాలమా? పోయినదా?
నా నెత్తిమీదే మూడోకాలు మొలిచింది,
నేను కాజాలు కుడుతున్నాను.

గురువారం జుంబేరి వచ్చాడు.
బెల్టు వేశాడు, నూనె పోశాడు,
"ఇక చప్పుడే ఉండదు చూడు" అన్నాడు గర్వంగా.
డబ్బులిచ్చి పంపి
రేగుపళ్ల పచ్చడి సీసా ఒకటి తీసుకుని
లిఫ్టులో నాణెం వేశాను.
ఒక్క అంతస్తుకి ఎవరూ వెయ్యరు.
వస్తున్నట్టు ఆయనకి వినబడాలని.

తలుపు ముందే తెరిచి నిలబడి ఉన్నాడు.
సీసా వంక చూడలేదు.
"బతికే ఉన్నావా నజీబ్రోలా!
మంగళవారం నుంచి నీ మిషను లేదు.
రెండుసార్లు మెట్ల దాకా వచ్చాను,
దిగడానికి ఈ కాలు ఒప్పుకోలేదు.
లిఫ్టేమో కిందకి దిగేవాడి మాట వినదు."
పెద్ద పరదాలైతే నేను పాట కూడా పాడతానట.
నాకు తెలీదు.
ఏ పాటని అడిగితే
కర్రతో నేలమీద కొట్టి చూపించాడు.

పరదాలు శనివారానికి ఇవ్వాలి.
కూచున్నాను, పెడలు మీద కాలు పెట్టాను.
మరీ మెత్తగా నడుస్తోంది,
పైకి వినబడుతుందో లేదో.
రేపు జుంబేరిని పిలిచి
కాస్త నూనె తుడిచెయ్యమనాలి.

బయట నాలుగు ముక్కలయ్యాయి.
కాలు ఎత్తి పట్టుకున్నాను.