ఎనిమిదిలో సగం

కాలవ కట్టేసిన నెల.
రాజోల్లో ఎండిన కాలవ అడుగే
మా సాఫ్ట్‌బాల్ మైదానం.
మూడు బేసులకీ కొబ్బరిపీచు పట్టాలు.
నాలుగోది ఎవరింటి గుమ్మం ముందు నుంచి వచ్చిందో
దాని మీద "స్వాగతం" అని ఉంటుంది,
పరుగు పూర్తి చేసినవాళ్ళు
దాని మీదే కాళ్ళు తుడుచుకుంటారు.

నలభై నాలుగు మంది పిల్లలు, నాలుగు జట్లు,
పదకొండు గ్లవ్వులు.
పట్టు ఇజ్రాయేలు మాస్టారు చూశారు,
పరుగు తాతాజీ గారు, దెబ్బ కంపౌండరు అబ్బులు గారు.
విసురు నాకు అప్పగించారు.
లెక్కల టీచర్ని కదా,
నేను వేసిన మార్కుని ఎవరూ తిరిగి కూడరు.

నేలపూడి దీవెన, ఎనిమిదో తరగతి.
లంక నుంచి పంటు మీద వస్తుంది, అన్న చొక్కా తొడుక్కుని.
విసిరింది.
బంతి వెళ్తుంటే చప్పుడు లేదు,
మాస్టారి గ్లవ్వులో పడ్డాక వచ్చింది.
ఎక్కడ నేర్చావే అన్నాను.
"మొక్కజొన్న చేలో చిలకల్ని తోలతానండి.
బెడ్డ తగలకూడదండి, దగ్గరగా పోవాలండి.
తగిలితే మా అమ్మమ్మ ఊరుకోదండి, ఆయ్."

ఎనిమిది అనుకున్నాను మనసులో.
కాగితం మీద నాలుగు వేశాను.
పెన్నుకి మూత పెట్టాను.

ఆదివారం సాయంత్రం హైస్కూలు వరండాలో
పకోడీల పొట్లం మధ్యలో పెట్టుకుని పంచుకున్నాం పిల్లల్ని.
మొదటి చీటీ తాతాజీ గారిది.
కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించి
లోపలి నీళ్ళకి ధర కట్టే మనిషి,
పిల్లల దగ్గరికొచ్చేసరికి నా కాగితాన్ని నమ్మారు.
అబ్బులు గారు రెండో పిలుపులోనే
బంతంటే కళ్ళు మూసుకునే మేనల్లుణ్ణి తీసుకున్నారు.
ఎవరం నవ్వలేదు.
వరస ఇటు నుంచి అటు, మళ్ళీ అటు నుంచి ఇటు,
బండారులంక మగ్గం మీద నాడె తిరిగినట్టు.
తిరిగినప్పుడల్లా ఆ పేరు దాటిపోతుంటే
పక్కవాళ్ళ దొడ్లో కోసిన మామిడికాయ
నా కొంగులో బరువెక్కుతోంది.

ఏడో పిలుపుకి, ఏమీ ఎరగనట్టు,
"సరే, ఆ లంక పిల్లని నాకు రాయండి" అన్నాను.
"మీది జాలిగుండె టీచరు గారూ" అన్నారు తాతాజీ గారు,
పకోడీల పొట్లం నా వైపు జరుపుతూ.

ఇజ్రాయేలు మాస్టారిది తెరిచిన పుస్తకం.
సోమవారం పొద్దున్నే జాబితా నోటీసు బోర్డుకి అంటించేశారు,
మార్కులతో సహా.

దీవెన చదివింది. నా వైపు చూడలేదు.
ఆవేళ దాని బంతి రెండో బేసుకి చేరలేదు,
దొర్లుకుంటూ వచ్చి మధ్యలో ఆగింది.
మర్నాడూ అంతే.
నాలుగు మార్కుల విసురు, తూకం వేసినట్టు.
గట్టిగా వెయ్యవే అంటే
"నాకంతే వచ్చునండి" అంది.
వెక్కిరింత లేదు ఆ గొంతులో.
ఉంటే బాగుండేది.

రేపు నీళ్ళు వదులుతారనగా, ఆఖరి సాయంత్రం,
పట్టాలు చుట్టేసి పిల్లలందరూ గట్టెక్కారు.
"స్వాగతం" మీద నేను, బంతి పట్టుకుని అది.
చెప్పేశాను.
నాలుగు వేసింది నేనే, కావాలనే వేశాను,
ఇంకెవరూ నిన్ను ఎంచుకోకూడదని.

చాలాసేపు బంతి కుట్లు తడుముకుంటూ నిలబడింది.
నన్ను కాదు,
చేలో ఒక కంకిని చూస్తున్నట్టు చూసింది.
చెయ్యి ఎప్పుడు లేచిందో తెలీదు.
నా ఎడమ చెవి పక్కన గాలి చిరిగింది,
వెనకాల లాకు గోడ మోగింది.

తగల్లేదు.

ఎంతేస్తారండి ఇప్పుడు అని అడగలేదు.
నా కాళ్ళ కింది పట్టా లాగి, చుట్టి,
చంకన పెట్టుకుని గట్టెక్కింది,
పంటు వెళ్ళిపోద్దండి అంటూ.

పొద్దున్నకి కాలవ నిండింది.
మేం సున్నంతో గీసిన గీతల మీద ఎర్రనీళ్ళు.
చెవిలో ఆ గాలి ఇంకా ఉంది.
తాతాజీ గారికి ఇంకా చెప్పలేదు.