రెండో కొస

ఆరేళ్ళు ఖాళీగా ఉందే ఇక్కడ, అన్నాడు ఫుల్వియో
నా దరఖాస్తు మీద పెన్సిలుతో తడుతూ.
ఖాళీ ఎక్కడిది?
రాత్రింబవళ్ళు డ్యూటీలోనే ఉన్నాను.
తలుపు సందుల్లో గుడ్డలు కుక్కడం,
వైరు పీకేసిన రేడియో చెప్పేదంతా రాసుకోవడం.
ఆదివారం లేదు, జీతం లేదు,
పై అధికారి ముఖం ఒక్కసారీ చూడలేదు.
ఇదంతా పైకి అనలేదు.
స్కిజోఫ్రీనియా అన్న మాట పక్క కాగితంలో ఉంది,
ఇద్దరం దాని మీద చెయ్యి పెట్టలేదు.
ఆయన పెన్సిలు చెవికి దోపుకుని
"ఇస్త్రీ మిషను కాలుతుంది, జాగ్రత్త" అన్నాడు.
అంతే ఇంటర్వ్యూ.

త్రియెస్తెలో బోరా గాలి లేస్తే
మనుషులు దీపస్తంభాల్ని కావలించుకుంటారు.
అమ్మమ్మ కాలంలో వీధుల వెంట తాళ్ళు కట్టేవారట,
పట్టుకుని నడవడానికి.
ఆ గాలిని తిట్టుకోని వాళ్ళు లేరు.
గాలే లేదు, నీ భ్రమ, అన్నవాళ్ళూ లేరు.

పొద్దుటి మాత్రల బరువు పదింటికి గాని దిగదు.
అందుకే నా షిఫ్టు పదిన్నరకి.
హోటళ్ళ దుప్పట్లు బండ్ల నిండా వస్తాయి
ఎవరెవరి నిద్రలో మోసుకుని.
ఒక కొస నాది, ఒక కొస ఓండీనాది.
దులిపి, మడిచి, ఎదురెదురుగా నడిచి
వేళ్ళు తగిలేదాకా వచ్చి
మళ్ళీ వెనక్కి.
మిషన్ల రొదలో దిగుతారు వాళ్ళు,
నా తలలో అద్దె కట్టని వాళ్ళు:
"అది నిన్ను కనిపెట్టేసింది. కొస వదిలెయ్."
చేతులు ఆగిపోతాయి.
ఓండీనా ఏమీ అడగదు.
దుప్పటి బిగువు తప్పితే ఆమెకి తెలుస్తుంది.
తన కొస ఒకసారి మెల్లగా లాగుతుంది,
గాలానికి చేప తగిలిందో లేదో చూసినట్టు.
ఉన్నాను, అని నేనూ లాగుతాను.

ఒక బుధవారం ఉండలేకపోయాను.
సబ్బుల గదిలో తలుపేసుకుని సాయంత్రం దాకా.
నెలాఖరున నాలుగు గంటల జీతం కోశారు.
కోపం వచ్చింది. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది.
అందరికీ కోసినట్టే కోశారు.

కోత పోగా మిగిలినదాంతో ఎర్ర బూట్లు కొన్నాను.
దొంగసొమ్ము, అన్నాయి గొంతులు, మెట్లెక్కుతుంటే.
ఆగి, సంచీలోంచి రసీదు తీసి
ఒక్కో అంకె చదివి వినిపించాను,
పైకే, మెట్ల మీదే.
కింది వాటా ముసలామె తలుపు తీసి
"ఎంత?" అంది.
చెప్పాను.
"ఎక్కువ పెట్టావ్ నేవియా"
అని తలుపేసుకుంది.